సదన్న పంచిన ఐదు ముక్కలు

నిన్న పొద్దున టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. సదన్న పోయాడట.

మొన్ననే దవాఖానలో మాట్లాడి వచ్చాను. ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. సదన్న మొదట బొగ్గు బాయిలో దిగిన మనిషి. కాలు దెబ్బతిన్నాక ఆఫీసులో కంప్యూటర్ పని ఇచ్చారు. పక్క సీటు నాది. లైనక్స్ తనంతట తానే నేర్చుకుని మాకూ నేర్పాడు.

అప్పుడు ఆఫీసు సిస్టమ్‌కు నెట్ లేదు. జిప్ ఫైళ్లు విప్పే టూల్ కోసం మంచిర్యాల నెట్ సెంటర్‌కు వెళ్లి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. ఇన్‌స్టాల్ చేస్తే ఇంకేదో ఫైల్ లేదని ఎర్రర్. మళ్లీ బస్సు. ఆ ఒక్క టూల్ కోసం మూడుసార్లు గోదావరి దాటాడు. మూడోసారి వస్తూ మాకు మిర్చి బజ్జీలు కూడా తెచ్చాడు.

వదిన పోయాక ఆమె బతుకమ్మ పాట పాడిన వీడియో ఒక్కటే మిగిలింది. హార్డ్ డిస్క్ మొరాయిస్తోందని ఆ వీడియోను కంప్రెస్ చేసి, చిన్న పెన్‌డ్రైవ్‌లలో పట్టేలా ఐదు ముక్కలు చేసి ఆఫీసులో మా ఐదుగురికీ ఇచ్చాడు.

బాయిలో దిగిన మనిషి పైకి వచ్చేదాకా అతని హాజరు బిళ్ల బోర్డు మీదే ఉంటుంది. అన్న కూడా మా పేర్లు రాసిన ఐదు బిళ్లలు ఇంట్లో మేకులకు తగిలించాడు.

"ఒక్క బిళ్ల మిగిలినా షిఫ్టు అయిపోయినట్టు కాదు తమ్మీ" అన్నాడు.

నాది నాలుగో ముక్క.

ఇంట్లో నేనూ లైనక్స్ వేసుకుందామని సరదా పడ్డాను. ఇన్‌స్టాలర్ కోసం చేతికందిన పెన్‌డ్రైవ్ పెట్టాను. అది అన్న ఇచ్చినదే. మొత్తం చెరిగిపోయింది. ఆయన నేర్పిన కమాండ్‌తోనే.

హార్డ్ డిస్క్ పోయాక అన్న ముక్కలు అడిగాడు. నలుగురూ తెచ్చిచ్చారు. నేను వెతుకుతున్నానని చెప్పాను.

మొదటి మూడూ కలిపి విప్పితే పాట సగం దాకా వచ్చింది. ఆపైన ఫైల్ మధ్యలోనే తెగిపోయిందని ఎర్రర్. నాలుగోది లేక ఐదోది ఉండీ పనికిరాలేదు. ఇన్నేళ్లూ అన్న ఆ సగం పాటే విన్నాడు.

నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. సిగ్గుగా ఉంది.

మొన్న దవాఖానలో కూడా అడిగాడు. "నాలుగోది దొరికిందా తమ్మీ?"

"దేవులాడుతున్న అన్నా."

"ఫికర్ చెయ్యకు. జల్దేం లేదు."

నిన్న అన్న ఇంటికి వెళ్తే నాలుగు మేకులు ఖాళీగా ఉన్నాయి. నా బిళ్ల ఒక్కటే వేలాడుతోంది. దాని మీద దుమ్ము కూడా లేదు, రోజూ తుడిచేవాడేమో.

అన్నా, అది ఇక రాదు. నేనే చెరిపేశాను.

నా బిళ్ల తీసెయ్. నీ షిఫ్టు అయిపోయింది, నిమ్మళంగా పడుకో.