ఆర్డిస్ పెరట్లో అర అంగుళం

గురువారం ఉదయం ఏడు గంటలకు ఆర్డిస్ హోల్మ్‌బర్గ్ పెరట్లోకి వెళ్లి, కొయ్యకు బిగించిన వర్షమాపకం డబ్బాలోంచి సన్నటి గొట్టాన్ని పైకి లాగి, వెలుతురుకెదురుగా పట్టుకుని చూసింది. అడుగున ఒక చచ్చిన చీమ ఉంది. చీమను దులిపి, గొట్టాన్ని మళ్లీ దాని చోట దించి, వంటింట్లోకి వచ్చి పుస్తకంలో సున్నా వేసింది. వరసగా ఇది నలభై ఒకటో సున్నా.

ఏడుంబావుకు ఫోన్ మోగింది. టౌన్ ఆఫీసు క్లర్కు కోరిన్.

“ఆర్డిస్ గారూ, ఏమన్నా...”

“సున్నా.”

“లేశమైనా?”

“లేశమైతే లేశమనే చెబుతాను కదా. సున్నా.”

“అయ్యో. రాత్రి మెరుపులు చూసి మా అమ్మ గులాబీలకి మంచిరోజులొచ్చాయని సంబరపడిపోయింది.”

“మెరుపుల్ని కొలిచే డబ్బా నా దగ్గర లేదు,” అని ఆర్డిస్ ఫోన్ పెట్టేసింది.

జూలై మొదట్లో ఊరి బావుల్లో నీరు అడుగంటడంతో కౌన్సిల్ ఒక తీర్మానం చేసింది. ఒక్క రోజులో అర అంగుళం వాన పడేదాకా స్టెన్‌బర్గ్‌లో ఎవరూ తోటలకు, గడ్డికి నీళ్లు పెట్టకూడదు. ఆ అర అంగుళం ఆర్డిస్ డబ్బాలోనే పడాలి. తీర్మానం చేసేముందు ఆర్డిస్‌ను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. ఆరోజు నుంచి ఊరి జనం ఆకాశం వంక చూడటం మానేసి ఆమె వంక చూడటం మొదలుపెట్టారు.

ఇళ్ల ముందు గడ్డి ఎండి బిస్కెట్ రంగుకు తిరిగింది. నడిస్తే కాలికింద కరకరలాడుతోంది. మొక్కజొన్న ఆకులు పొద్దున తొమ్మిదికల్లా చుట్టలు చుట్టుకుంటున్నాయి. రాబిన్ పిట్టలు ముక్కులు తెరుచుకుని నీడన నిలబడుతున్నాయి. పదింటికి మొదలైన కీచురాళ్ల రొద చీకటిపడేదాకా ఆగదు. రోడ్డు పక్క గుంటల్లో ఎవరూ నాటని, ఎవరూ నీళ్లు పోయని పాత మైదానపు గడ్డి మాత్రం ఛాతీ ఎత్తున పచ్చగా ఊగుతోంది. దాని వేర్లు మనిషి లోతున ఉంటాయట. టమాటా మొక్కలు వాలిపోతుంటే చూస్తూ ఊరుకోవాల్సి వచ్చిన ఆర్డిస్‌కు ఆ పచ్చదనం చూస్తే ఒళ్లు మండేది.

ముప్పై ఒక్కేళ్ల కిందట అత్తగారు సిగ్నే ఈ పుస్తకాన్నీ పెన్సిల్‌నూ ఆమె చేతిలో పెట్టి, “ఏడింటికి. ప్రతిరోజూ,” అంది. ఇంకేమీ చెప్పలేదు. ఆర్డిస్ అప్పుడు బడిలో వంటమనిషి. ఆనాటి నుంచి ప్రతి ఉదయం ఏడింటికి చూసి రాసింది. చలికాలంలో మంచు తెచ్చి పొయ్యి మీద కరిగించి కొలిచింది. ఒక జనవరిలో చీలమండ విరిగితే, వంటింటి కుర్చీని ముందుకు తోసుకుంటూ, దాన్ని పట్టుకుని కుంటుతూ పెరట్లోకి వెళ్లింది. నెలాఖరున వాతావరణ ఆఫీసుకు పంపే కాగితంలో ఇన్నేళ్లుగా ఒక్క గడి ఖాళీ లేదు. చుట్టుపక్కల నాలుగు కౌంటీల్లో అలాంటి పుస్తకం మరొకటి లేదని ఆ ఆఫీసాయన ఒకసారి చెప్పాడు.

ఆమె భర్త లేలండ్‌కు సముద్రం చూడాలని ఉండేది. ఏటా వేసవిలో వంటింటి బల్ల మీద మ్యాపు పరిచేవాడు. “పది రోజులు, అంతే. డబ్బా సంగతి పక్కింటి డువేన్ చూసుకుంటాడు,” అనేవాడు.

“పిల్లికి పాలు పొయ్యమంటే మర్చిపోయిన మనిషి, డబ్బా చూస్తాడా? ఒక్క గడి ఖాళీ పడిందంటే పుస్తకం ఇక పుస్తకం కాదు,” అనేది ఆర్డిస్.

అతను మ్యాపు మడిచేసేవాడు. నాలుగేళ్ల కిందట సముద్రం చూడకుండానే పోయాడు. ఆ సంగతి ఆర్డిస్ ఎవరితోనూ మాట్లాడదు. ఖాళీ గడి లేని ఆ పుస్తకాన్ని మాత్రం రొట్టెల డబ్బా పక్కన, చేతికి అందేచోట ఉంచుకుంటుంది.

ఆ గురువారానికి రెండు రోజుల ముందు, మంగళవారం సాయంత్రం, నిజంగానే వాన వచ్చింది. పడమటి నుంచి నల్లటి మబ్బు లేచి, ఊళ్లోకి దిగి, రైలు పట్టాల దాకా వచ్చి ఆగిపోయింది. పట్టాలకు అటువైపు పిల్లలు వీధుల్లో తడుస్తూ గంతులేశారు. ఇటువైపు ఆర్డిస్ వరండాలో నిలబడి, రెండు వీధుల అవతల ఇళ్ల కప్పుల మీద పడుతున్న వాన చప్పుడు వింది. ఆమె పెరట్లో చుక్క పడలేదు.

మర్నాడు కాఫీ హోటల్లో వెర్లిన్ అందుకున్నాడు. అతనిల్లు పట్టాలకు అటువైపు.

“ఏం ఆర్డిస్, అసలు ఆ డబ్బాకి మూత తీశావా?”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

“మా బకెట్లో ముప్పావు అంగుళం పడింది తెలుసా?” అన్నాడు వెర్లిన్.

“చేపలు కడిగిన బకెట్టేనా? కౌన్సిల్‌కి చెప్పి దాన్నే పెట్టించుకో.”

“ఆ డబ్బాని రెండు వీధులు ఇటు జరిపితే నీ సొమ్మేం పోయింది?”

“నిన్ను రెండు ఊళ్లు అటు జరిపితే మాకందరికీ హాయిగా ఉంటుంది.”

మళ్లీ నవ్వారు. కానీ ఎవరూ ఆమెకోసం కుర్చీ జరపలేదు. ఆర్డిస్ కాఫీ నిలబడే తాగి వచ్చేసింది.

గురువారం సున్నా. శుక్రవారం సున్నా. శనివారం ఏడింటికి గొట్టం పైకి లాగితే చేతికి బరువు తగిలింది.

నీళ్లు. యాభై ఐదు గీతల దాకా నీళ్లు. అంగుళానికి నూరు గీతలు; అంటే అర అంగుళం దాటి ఇంకో ఐదు గీతలు.

“లేలండ్!” అని అరిచింది, నాలుగేళ్ల తర్వాత.

అరిచాక కిందికి చూసింది. చెప్పుల మీద దుమ్ముంది. కొయ్య చుట్టూ మట్టిని కాలితో కదిపితే పిండిలా లేచింది. టమాటా ఆకులు నిన్నటిలాగే వేలాడుతున్నాయి. గొట్టాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఊరి కొళాయి నీళ్లకుండే క్లోరిన్ వాసన.

కోపంతో ఒంపేసి సున్నా వేద్దామని వెనక్కి తిరిగింది. అప్పుడు కంటబడింది కారు. నలభై మూడు రోజుల దుమ్ము పట్టిన కారు ముందుభాగం నిండా చిన్నచిన్న గుండ్రటి మచ్చలు. మెట్టు మీద కూడా అవే మచ్చలు. తను నిద్రపోతుండగా చినుకులు పడ్డాయి. నిజం చినుకులు.

ఎన్ని? గొట్టంలో అవి ఒక గీత దాకా వచ్చాయా, రెండు గీతలా, లేశమేనా? ఇక ఎవరికీ తెలియదు.

కంచె అవతల డువేన్ ఆమెకు వీపు పెట్టి డాలియా కాడకు దారం కడుతున్నాడు. కౌంటీ జాతరలో డాలియాలకు మొదటి బహుమతిగా ఇచ్చే నీలి రిబ్బను వరసగా ఆరేళ్లు గెలుచుకున్న మనిషి.

“డువేన్!”

“పడిందా ఏమన్నా?” అని ఇటు తిరక్కుండా డాలియాను అడిగాడు.

“పడింది. నీ కొళాయి నుంచి.”

డువేన్ దారం ఇంకో చుట్టు చుట్టాడు. తర్వాత తిరిగాడు.

“ఎక్కువేం పొయ్యలేదు. సరిగ్గా అర అంగుళముంటే అనుమానమొస్తుందని ఇంకో ఐదు గీతలు కలిపా.”

“అబ్బో, ఎంత తెలివి!”

“పది రోజుల్లో జాతర. ఈ ఎర్రదాన్ని చూడు, పళ్లెమంత పూయాల్సింది చొక్కా గుండీ అంత పూసింది. నీ టమాటాలు మాత్రం బతుకుతాయా? నువ్వు ఫోన్లో ఒక్క మాటంటే ఊరంతా నీళ్లు పెట్టుకుంటుంది. ఎవరికి నష్టం చెప్పు?”

“నువ్వు వచ్చేటప్పటికి చినుకులు పడుతున్నాయా?”

“అప్పుడే ఆగాయి. నాలుగు చినుకులు.”

“డబ్బాలో ఎంతుంది?”

“నేనెక్కడ చూశాను? క్యాన్ ఎత్తా, పోశా.”

“ఒక గీతా? రెండు గీతలా?”

“రెండు గీతల కోసం ఇంత గొడవేంటే తల్లీ!”

“నలభై మూడు రోజులు చూశాను ఆ రెండు గీతల కోసం! వచ్చాయి! వస్తే నువ్వు వాటి నెత్తిన కొళాయి నీళ్లు పోశావ్!”

లోపల ఫోన్ మోగింది.

ఆర్డిస్ గొట్టాన్ని చేత్తో పట్టుకునే లోపలికి నడిచింది. అర అంగుళం అని చెబితే సాయంత్రానికి ఊరు తడుస్తుంది, ఆమె టమాటాలూ తడుస్తాయి, వెర్లిన్ కుర్చీ జరుపుతాడు. సున్నా అంటే ఎవరూ ఏమీ అనరు. ఈ రెండింటిలో ఏది చెప్పినా గడి నిండుతుంది. ఫోన్ ఆరుసార్లు మోగాక తీసింది.

“ఇవాళ అంకె లేదు కోరిన్.”

“లేదంటే... సున్నానా?”

“సున్నా కాదు. లేదు. డబ్బాలో వాన కాని నీళ్లు కలిశాయి. అసలుది ఎంతో చెప్పలేను.”

“అయ్యో! ఎవరండీ పోసింది?”

ఆర్డిస్ కిటికీలోంచి చూసింది. డువేన్ కంచె మీద రెండు చేతులూ పెట్టుకుని ఇటే చూస్తున్నాడు.

“దానికి నా పుస్తకంలో గడి లేదు,” అంది.

ఫోన్ పెట్టాక పెన్సిల్ చెక్కింది. అవసరం లేకపోయినా చెక్కింది. గడివంక చాలాసేపు చూసి, ఏమీ రాయకుండా పుస్తకం మూసేసింది.

డువేన్ వెనక గుమ్మం దగ్గరికి వచ్చి టోపీ తీశాడు.

“ఏం రాశావ్?”

“ఏం రాయలేదు.”

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. లేలండ్ సముద్రం కబుర్లన్నీ కంచె మీదుగా ఏళ్ల తరబడి విన్నవాడు అతనే.

“సున్నా వేసెయ్యొచ్చుగా. ఎవరడుగుతారు?”

“అంత సులువుగా వేసేదాన్నైతే ఆయన్ని ఏ ఏడైనా తీసుకెళ్లేదాన్ని డువేన్. వచ్చాక పది సున్నాలు వేసుకునేదాన్ని.” ఆమె గొట్టాన్ని సింకులో ఒంపి, గుడ్డతో లోపలంతా తుడిచింది. గుడ్డ సగంలో ఇరుక్కుంటే విసురుగా లాగింది. “ముప్పై ఒక్కేళ్లు! నీ డాలియాల కోసం!”

డువేన్ టోపీని చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

“నేనేం చెయ్యను చెప్పు. కౌన్సిల్‌కి వెళ్లి ఒప్పుకోమంటే ఒప్పుకుంటా.”

“నాకక్కర్లేదు. రేపట్నుంచి ఏడింటికి నువ్వూ రా. గొట్టం నువ్వే తియ్యి, నువ్వే చూడు, ఫోన్లో నువ్వే చెప్పు. అర అంగుళం పడేదాకా.”

“రేపు ఆదివారం.”

“అయితే?”

“వస్తాలే.”

ఆదివారం ఏడుకి ఐదు నిమిషాల ముందే ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది, ఒక్క మబ్బు లేదు. గొట్టం పైకి లాగి, వెలుతురుకెదురుగా పట్టుకుని, తలకిందులు చేసి, అరచేతిలో తట్టి చూసుకున్నాడు. ఏడుంబావుకు ఫోన్ మోగితే ఆర్డిస్ కదల్లేదు. కళ్లతోనే ఫోన్ చూపించింది.

“కోరిన్, నేను డువేన్ని. సున్నా... అవునమ్మా, నేనే చూశా... కళ్లజోడు పెట్టుకునే చూశా... మా ఇంటి వైపు మాత్రం పడుతుందా ఏంటి, అదీ ఇక్కడే కదా!... మీ అమ్మకి చెప్పు, గులాబీలున్నది తనొక్కదానికే కాదని! ఎవరి పెరట్లో చూసినా ఎండిపోయేవే! ఇందులో నేను చేసేదేముంది? సున్నా అంటే సున్నా!”

ఫోన్ విసురుగా పెట్టాడు. మెడ దాకా ఎర్రబడిపోయాడు.

“ఏంటే ఆ పిల్ల, నేనేదో దాచుకున్నట్టు మాట్లాడుతుంది!”

ఆర్డిస్ పుస్తకం తెరిచి, ఖాళీ గడి కిందున్న గడిలో సున్నా వేసింది. తర్వాత కాలితో కుర్చీని అతనివైపు తోసి, కాఫీ పెట్టడానికి లేచింది.