ఫిక్రీ చేతిలో పసుపు గుడ్డ

తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటున్నా. ఫీజు కట్టకుండా రెండేళ్ళుగా మొదటి ఏడాది సైకాలజీ క్లాసులో వెనక బెంచీ మీద నక్కేవాణ్ణి. ఆ రోజు పక్కవాళ్ళ చెవిలో "కత్తి, కత్తి" అని గొణిగింది నేనే. సరదాకి.

ఫిక్రీ బాబాయ్ అలెగ్జాండ్రియాలో ఆ కాలేజీకి పదకొండేళ్ళుగా టీ కాస్తున్నాడు. ఈజిప్టు దక్షిణాన అస్వాన్ వైపు నూబియా మనిషి, నల్లగా, పొడుగ్గా ఉంటాడు. ఏటా కొత్త పిల్లలు రాగానే ఒక్కరోజు దొంగవుతాడు. డాక్టర్ నహ్లా పాఠం చెబుతుంటే దూసుకొచ్చి, ఆమె సంచీ లాక్కుని ఉడాయించాలి. పిల్లలు చూసింది కాగితం మీద రాయాలి. కళ్ళారా చూశామనేవాళ్ళు ఎంత తప్పు చూస్తారో అప్పుడు తేలుతుంది. ఆ వేషమంటే బాబాయికి ప్రాణం. ముందురోజు ఇంటి మెట్ల మీద పరుగు సాధన కూడా చేసేవాడు.

ఎప్పుడూ పని కాగానే టీ గదికి పోయేవాడు, ఈసారి గ్లాసుల ట్రే పట్టుకుని మళ్ళీ వచ్చి తలుపు దగ్గర ఆగాడు. డాక్టరమ్మ కాగితాలు చదువుతోంది. నలభై ఒక్క మంది కత్తి చూశారట. బాబాయి చేతిలో ఉన్నదేమో బల్లలు తుడిచే పసుపు గుడ్డ.

క్లాసంతా నవ్వింది. "గుర్తులేని చోట మనసు ఏదో ఒకటి నింపేస్తుంది," అందామె.

బాబాయికి ఒళ్ళు మండింది. ట్రే బల్ల మీద ధన్‌మని పెట్టాడు.

"పిడి రంగు కూడా రాశాడట ఒకడు. ఏడీ, లేవమనండి, మొహం చూస్తా."

ఎవడూ లేవలేదు.

"ఏదో ఒకటి కాదు డాక్టరమ్మా. పోయినేడు నాకు జ్వరమొస్తే నా బదులు దొంగగా గుమాస్తా రమ్జీ వచ్చాడు, పాలలా తెల్లటోడు. వాడి చేతిలో నిజంగానే కత్తెర ఉంది. పిల్లలేం రాశారు?"

ఆమె చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టింది. "పెన్ను," అంది.

"మరి ఆ పాఠం ఎవరు చెబుతారు? రెండు గంటలకి ఇంకో సెక్షన్ ఉంది. ఇదీ చెబుతానంటేనే వస్తా. లేకపోతే దొంగని మీరే వెతుక్కోండి."

ఆమె లేచి బోర్డు మీద రాసింది: ఫిక్రీ, గుడ్డ, కత్తి. కింద: రమ్జీ, కత్తెర, పెన్ను. ఈసారి ఎవరూ నవ్వలేదు. రెండు గంటలకి బాబాయ్ వెళ్ళాడు, కానీ మెట్ల మీద పరుగెత్తినంత హుషారుగా కాదు.

సాయంత్రం టీ గదికెళ్ళి చెప్పేశా. "బాబాయ్, ఆ కత్తి నా పనే. సరదాకి గొణిగా."

ఆయన చక్కెర కలుపుతూనే ఉన్నాడు.

"పోయినేడు రమ్జీ వచ్చినప్పుడూ ఆ బెంచీలోనే ఉన్నావుగా. అప్పుడేం గొణిగావురా?"