నున్నబడ్డ పిడులు

వీధిలో అందరూ ఆయన్ని నూలు తాత అంటారు. నూలంటే వడ్రంగుల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ కాస్త తేడా వచ్చినా బిగించిన తలుపు విప్పి మళ్ళీ మొదలుపెట్టే మనిషి. మూడేళ్ళుగా చూపు మసకబారినా పని మానలేదు. పెట్టెలో చెయ్యి పెడితే చాలు, ఏది ఏ ఉలో పిడే చెప్పేది. బొటనవేలు ఆని ఆని గుంటపడ్డది పావంగుళం ఉలి. అంచున పెచ్చు లేచినది దానికన్నా ఒక నూలు వెడల్పు.

ఆ రోజు కుర్చీల షాపతను వచ్చి కూర్చున్నాడు. తాత చేత ఒక కుర్చీ కాలికి బెజ్జం కొట్టించి చూసి, మిగతా పని ఇవ్వాలో మానాలో తేల్చుకోవాలని.

తాత ఒక పిడి తీసి తడిమి వదిలేశాడు. ఇంకోటి తీశాడు. అన్నీ గాజులా జారుతున్నాయి. గుంట లేదు, పెచ్చు లేదు.

"అమ్మాయ్, ఇవి నావి కావు."

గుమ్మంలో ఉన్న కోడలి మొహం పాలిపోయింది. "మీవే మామయ్యా."

"నా సామాను నాకు తెలీదా? ఎవడో మార్చేశాడు. ఎదురింటి మేస్త్రీ మొన్న ఆకురాయి కోసం రాలేదూ?"

"పాపం, ఆయన పెట్టె ముట్టుకోనే లేదు."

షాపతను గడియారం చూసుకున్నాడు. "ఏదో ఒకటి కానియ్ తాతా. ఉలి ఉలే కదా."

ఆ మాట తాతకు చురుక్కుమంది. చేతికందిన ఉలి పావంగుళందేలే అనుకొని సుత్తి అందుకున్నాడు. దెబ్బలు ఎప్పటిలాగే సమంగా పడ్డాయి. బెజ్జం తేలాక షాపతను అందులోకి అడ్డకర్ర కొస దూర్చాడు. మొత్తితే గాని దిగకూడనిది లొడలొడమని ఆడింది.

"నూలు తేడా తాతా," అన్నాడు మెల్లగా. అరిచినా బాగుండేది. మిగతా కాళ్ళ కట్ట భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు.

తాత ఉలి పదును మీద గోరు నడిపాడు. నూరేటప్పుడు ఆయన చెయ్యి కాస్త ఎడమకు ఒరుగుతుంది. ఆ ఒరుగు అక్కడే ఉంది. రెండోదానికీ అంతే, మూడోదానికీ అంతే.

"నావే. మేస్త్రీని ఊరికే ఆడిపోసుకున్నాను. పిడులెవరు రుద్దారు?"

"నేనే మామయ్యా. జిడ్డోడుతున్నాయి, షాపాయన చూస్తే ముసలాయన చేతులెత్తేశాడనుకుంటాడని. నిన్న మీరు కంటి డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడు గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ పూశాను."

"గట్టిగానే రుద్దావు."

ఆమె వంటింట్లోంచి కత్తి తెచ్చి పక్కన కూర్చుంది. "పావంగుళానికి ఒక గాటు పెట్టనా?"

తాత పదునులు తడిమి తడిమి ఒక ఉలి ఆమె చేతికిచ్చాడు. ఆమె గాటు పెట్టింది.

"ఇంకాస్త లోతుగా."

"రేపు నేనే వెళ్ళి తప్పు నాదని షాపాయనకు చెప్తాను."

"చెప్పు. నమ్ముతాడు కూడా. కానీ పదును చూసుకోకుండా సుత్తెత్తింది నా చెయ్యే కదమ్మా."

రెండో ఉలి ఇచ్చాడు. దానికి రెండు గాట్లు. గాట్లు పెట్టిన పిడిని పట్టుకున్నాక కూడా, ఆయన బొటనవేలు పాత గుంట కోసమే వెతుకుతూ ఉంది.