ఆట మధ్యలో లేవడం

మా ఆయన పుట్టి బుద్ధెరిగాక పేకముక్క ముట్టుకోని మనిషి. అలాంటి మనిషి ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, సైకిలు ఇంకా స్టాండు కూడా వేయకముందే, మనం నేపాల్‌లో కాసినోకు పోదామన్నాడు. నేను అప్పుడు గడపలో కూర్చుని పదకొండు నెలల పిల్లకు ఉగ్గు పెడుతున్నాను. చెంచా పిల్ల ముక్కులోకి పోయింది.

అది ఎనభైల మొదట్లో. మట్టెవాడలో మా అత్తగారింట్లో ఉన్నాం. మా ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. మగ్గాల ఇంట్లో పుట్టి, ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటివాడు. ఆఫీసులో పక్క సీటాయన కిందటేడు యాత్రాబస్సులో కాశీ, గయ చూసుకుని ఖాట్మండు దాకా వెళ్లి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి అతను పశుపతినాథుడి గురించి ఒక ముక్క చెబితే కాసినో గురించి పది ముక్కలు చెప్పేవాడట. నేలంతా ఎర్ర తివాచీ అట. గోడకు గడియారమే ఉండదట. డబ్బులిస్తే రంగురంగుల బిళ్లలిస్తారట. మనలాగే రమ్మీ ఆడే బల్లలు కూడా ఉన్నాయట. మా ఆయనకు అన్నిటికంటే నచ్చిన సంగతి, ఆడేవాళ్లకు భోజనం ఊరికే పెడతారన్నది.

యాత్రాబస్సుకు మేం అప్పటికే పేర్లిచ్చాం. అత్తమ్మకు బస్సెక్కితే వాంతులు కాబట్టి ఆవిడ రానంది. పిల్ల ఇంకా పాలు తాగుతున్నది కాబట్టి దాన్ని వదిలి వెళ్లే మాట లేదు. నా దిగులంతా అంతవరకూ పిల్ల గురించే. గ్రైపు వాటరు ఎన్ని సీసాలు పట్టుకోవాలి, కాచిన నీళ్లు బస్సులో ఎక్కడ దొరుకుతాయి, రాత్రి చలికి స్వెట్టరు ఒకటి చాలుతుందా రెండు కావాలా అని నోటుపుస్తకంలో జాబితా రాసుకుంటున్నాను. దాని కింద ఇంకో గీత కొట్టి 'కాసినో' అని రాశాను. ఎందుకు రాశానో చెప్పాలి.

మా నాన్న రమ్మీ ఆడేవాడు. రఘునాథపల్లిలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక అరుగు ఉండేది. మధ్యాహ్నం అక్కడ కూర్చుంటే మళ్లీ లేచేవాడు కాదు. అమ్మ నన్ను పంపేది, అన్నం చల్లారిపోతున్నదని చెప్పి పిలుచుకు రమ్మని. నేను వెళ్లేదాన్ని. "ఇగో, ఒక్క ఆట బిడ్డా" అనేవాడు నాన్న. ఆ ఒక్క ఆట అయ్యేదాకా పక్కన కూర్చునేదాన్ని. అలా కూర్చుని కూర్చుని పదేళ్లు రాకముందే ఎవరి చేతిలో ఏ ముక్క ఉందో చెప్పగలిగేదాన్ని. ఇంటికి వెళ్లేసరికి అమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టి, మూత మీద చెయ్యి పెట్టి, అలాగే నిద్రపోయి ఉండేది. నాన్న మంచివాడే. తాగేవాడు కాదు, అరిచేవాడు కాదు. లేచేవాడు కాదు, అంతే.

అందుకని నా భయం మా ఆయన ఓడిపోతాడని కాదు. ఓడితే ఏమవుతుంది, రెండు చీరలు తక్కువ కొంటాను. కొత్తగా రుచి చూసిన మనిషి, ఎప్పుడూ ఆడని మనిషి, అక్కడ కూర్చున్నాక లేవకపోతే? ఆ రుచి ఇంటిదాకా వస్తే? నా కూతురు కూడా ఒకరోజు ఏదో అరుగు దగ్గరకు వెళ్లి, అన్నం చల్లారుతోంది నాన్నా అని నిలబడాలా?

వద్దంటే వినే రకమే మా ఆయన. కానీ వద్దనడానికి నాకే మనసు రాలేదు. పెళ్లయిన మూడేళ్లలో ఆయన ఇదీ కావాలి అని అడిగింది అదొక్కటే. చివరికి ఒక షరతు పెట్టాను. ఆట నేను నేర్పుతాను, అది వచ్చాకే కాసినో. ఆటతో పాటు లేవడం నేర్పుదామనుకున్నాను గాని ఆ సంగతి పైకి చెప్పలేదు.

మరుసటి రోజు ఆయన చౌరస్తాలో పేకదస్తా కొని, పేపరులో చుట్టి, ఆ పేపరును అన్నం డబ్బా సంచిలో పెట్టి, ఆ సంచిని చొక్కా కింద దాచుకుని తెచ్చాడు. పొట్ట ముందుకు పొడుచుకు వచ్చి వీధిలో అందరూ చూశారట.

మా బడి ఆదివారం మధ్యాహ్నాలు. అత్తమ్మ ముందుగదిలో చరఖా మీద మగ్గానికి నూలు కండెలు చుట్టేది. చరఖా చప్పుడు వినబడుతున్నంతసేపూ మాకు భయం లేదు. అది ఆగిందంటే ముక్కలన్నీ పిల్ల బొంత కిందికి పోవాలి. డబ్బులకు బదులు చింతగింజలు. చెరి యాభై.

నా శిష్యుడి గురించి ఏం చెప్పను. పదమూడు ముక్కలూ చేతికి రాగానే వాటిని ఆఫీసు ఫైళ్లలాగా సర్దేవాడు. జోకరు వస్తే నోరంతా తెరిచి నవ్వేవాడు. రాకపోతే నిట్టూర్చేవాడు. ఎదుటివాళ్లకు ఆయన చేతిలోకి తొంగి చూసే పనే లేదు, మొహం చూస్తే చాలు. ఒకసారి నేను ముక్క దించకుండా ఆలోచిస్తుంటే జాలిపడి అడిగాడు.

"నీకేం గావాలె? చెప్పు, నాకాడ ఉంటె ఇస్త."

"ఇయ్యొద్దు. నాకు గావాల్సింది మీ కాడుంటె దాసుకోవాలె."

"ఇంట్ల మనిషికాడ దాసుడేంది?"

ఆ పూట ఆయన కళావరు ఎనిమిది ఇచ్చాడు, నేను తీసుకున్నాను. షో చెప్పాను. సిగ్గేసింది గాని చింతగింజలు లెక్కపెట్టుకోవడం మాత్రం ఆపలేదు.

మూడో ఆదివారం అసలు పాఠం మొదలుపెట్టాను. టైంపీసుకు అలారం పెట్టి పక్కన ఉంచాను. అలారం మోగితే చేతిలో ఏమున్నా సరే ముక్కలు కింద పెట్టి లేవాలి. గెలుస్తున్నా లేవాలి, ఓడుతున్నా లేవాలి. ఆయనకు ఇది కష్టమవుతుందని, మొదట్లో నాలుగైదు సార్లు దెబ్బలాట తప్పదని సిద్ధపడి ఉన్నాను. అలారం మోగింది. ఆయన ముక్కలు కింద పెట్టి, లేచి, నీళ్లు తాగి వచ్చాడు. మళ్లీ ఆడాం. మళ్లీ మోగింది. అప్పుడు ఆయన చేతిలో రెండు జోకర్లున్నాయి, తరువాత తిప్పి చూశాను. అయినా లేచాడు. పెరట్లో బట్టలు ఆరాయో లేదో చూసి వచ్చాడు.

నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. రెండు జోకర్లు చేతిలో పెట్టుకుని బట్టలు చూడటానికి పోయే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆ తరువాతి ఆదివారం అలారం పెట్టడం మరిచిపోయాను. మరిచిపోయానని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే, టైంపీసును నేనే, అలారం తిప్పకుండా, బొంత వెనక పెట్టినట్టు గుర్తొస్తున్నది.

ఆ రోజు ఆయనకు ఆట కొంచెం పట్టుబడింది. నన్ను వరుసగా రెండుసార్లు ఓడించాడు. నా గింజలు తొమ్మిదికి వచ్చాయి. మూడో ఆటలో నాకు మంచి ముక్కలు పడ్డాయి. ఒక్క డైమండు రాణి వస్తే అయిపోతుంది. ఉయ్యాలలో పిల్ల కదిలింది.

"పాప లేసింది" అన్నాడాయన.

మీ వంతు, తీయండి అన్నాను. ఆయన తీశాడు, దించాడు. పిల్ల ఏడుపు అందుకుంది.

"పాప ఏడుస్తాంది."

"ఇగో, ఒక్క ఆట" అన్నాను నేను.

ఆయన చేతిలో ముక్కలు కింద పెట్టి లేచేలోపే తలుపు తెరుచుకుంది. చరఖా ఎప్పుడు ఆగిందో ఇద్దరం వినలేదు. అత్తమ్మ తిన్నగా ఉయ్యాల దగ్గరకు వెళ్లి పిల్లను ఎత్తుకుంది. పిల్ల వెక్కుతున్నది, చెంపలు ఎర్రగా కందాయి. ఆవిడ చాప మీద ముక్కల్నీ చింతగింజల్నీ చూసింది. నా చేతిలో పదమూడు ముక్కలు ఇంకా విసనకర్రలా విచ్చుకునే ఉన్నాయి.

"ఆట అయినంక పాలియ్యి, కోడలా" అంది. "తొందరేం లేదు."

పిల్లను భుజాన వేసుకుని ముందుగదిలోకి వెళ్లిపోయింది.

మూడు రోజుల తరువాత అన్నాలప్పుడు అత్తమ్మ కొడుకును అడిగింది. "దేవుని కాడికి పోతాన్నరా, పత్తాలాట కాడికి పోతాన్నరా?"

అబద్ధం చెప్పడం రమ్మీ అంత కూడా రాదు మా ఆయనకు. "రెండిటికి, అవ్వా" అన్నాడు.

"అయితె ముందుగాల దేవుని కాడికి పోండ్రి" అని ఆవిడ మజ్జిగ పోసుకుంది. ఆవిడ దృష్టిలో అక్కడితో ఆ సంగతి తీరిపోయింది. నాకు తీరలేదు.

ఆ సాయంత్రం పెరట్లో బట్టలు మడతపెడుతూ ఆయనతో చెప్పేశాను. కాసినోలో అడుగు పెట్టను, మీరొక్కరే వెళ్లి చూసి రండి, నేను పిల్లతో గదిలో ఉంటాను అన్నాను. భయపడవలసింది మిమ్మల్ని చూసి అనుకుని నెల రోజులు పాఠాలు చెప్పాను, తీరా చూస్తే ఆ అరుగు నాలోనే ఉంది అన్నాను. నాన్న గురించి అప్పటిదాకా ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ చెయ్యి అన్నం గిన్నె మీద ఉండటం కూడా చెప్పాను.

ఆయన పిల్ల లాగు ఒకటి మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

"నువ్వు రాకుంటె ఆడ నేనేం జేస్త? నాకు ఆడుడు రాదు" అన్నాడు.

"మీకు లేసుడొచ్చు."

ఆయన, ఆఫీసులో ఎవరి డ్యూటీ ఎప్పుడని రాసుకున్నట్టు, మెల్లగా ఏర్పాటు చెప్పాడు. లోపలికి నేను వెళ్లాలి. ఎలాగూ పిల్లల్ని రానివ్వరు కాబట్టి ఆయన పిల్లతో బయట ఉంటాడు. గంట కాగానే తలుపు దగ్గరికి వచ్చి కబురు పెడతాడు. నేను రావాలి. మరి తివాచీ, బిళ్లలు చూడాలని అడిగింది మీరు గదా అన్నాను. నేను బయటికి వచ్చాక పిల్లను నాకిచ్చి ఆయన లోపలికి వెళ్లి ఒక చుట్టు తిరిగి వస్తాడట.

"నేను రాకుంటెనో?" అన్నాను.

"అప్పటి సంగతి అప్పుడు జూద్దాం. ఇప్పటిసందె ఫికరెందుకు?"

ఇప్పటి నుంచే దిగులు పడటం నాకు అలవాటు. జాబితాలో స్వెట్టర్లు రెండు చేశాను. బస్సు బయలుదేరేదాకా ఇక పేకముక్క ముట్టుకోలేదు.

ఖాట్మండులో రెండో రోజు సాయంత్రం, పొద్దున్నే దేవుడి దర్శనం చేసుకున్నాకే, వెళ్లాం. తివాచీ ఎర్రగా కాదు, ఆకుపచ్చగా ఉంది. రమ్మీ బల్ల దగ్గర నేనొక్కదాన్నే చీర కట్టిన మనిషిని. మొదట ముక్కల్ని గుండెకు ఆనించి పట్టుకున్నాను. రెండు ఆటలయ్యేసరికి ఎవరి చేతిలో ఏముందో లెక్కపెడుతున్నాను. నాలుగో ఆటలో నాకు అన్నీ కుదిరాయి, ఒక్క ముక్క రావాలి. అప్పుడే తలపాగా పెట్టుకున్న కాపలా మనిషి వంగి, బయట మీవాళ్లు పాపతో నిలబడ్డారని హిందీలో చెప్పాడు.

ముక్కలు చేతిలోనే ఉన్నాయి. నా ఎడమవైపాయన పేకలోంచి ముక్క తీసి చూసుకుంటున్నాడు. ఆయన దించితే తరువాతి వంతు నాదే. అదొక్కటి చూసి పోదామా అని అనుకున్నాను. అనుకున్న మాట వాస్తవం. నోటిదాకా వచ్చింది కూడా. ముక్కల్ని బోర్లా పెట్టి లేచాను. తలుపు దాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. నేను కూర్చున్న కుర్చీలో అప్పటికే ఇంకొకాయన కూర్చున్నాడు.

బయట చలి. మా ఆయన కోతిటోపీ పెట్టుకుని, పిల్లకు రెండు స్వెట్టర్లూ తొడిగి, దీపస్తంభం కింద అటూ ఇటూ తిప్పుతున్నాడు. పిల్ల నన్ను చూసి చేతులు చాపింది. ఆయన నా మొహం చూశాడు. ఏం అర్థమైందో గాని ఎంత వచ్చింది, ఎంత పోయింది అని అడగలేదు.

"ఇంకో అరగంట కూసుంటవా? పాప మంచిగనే ఉన్నది."

"వద్దు. మీరు పోయి చూసి రాండ్రి."

"తలుపు సందుల కెల్లి చూసిన. సాలు" అన్నాడు.

పిల్లను తీసుకుని కొంగు కప్పాను. ముగ్గురం నడిచాం. ఎందుకంత తొందర, పడతావు అని ఆయన వెనక నుంచి అంటూనే ఉన్నాడు. వీధి మలుపు తిరిగి ఆ దీపాలు కనబడకుండా పోయేదాకా నేను అడుగు నెమ్మది చేయలేదు.