గాలంతా రమ కుర్చీ వైపే

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. పరకాలలో మా అబ్బా సైకిల్ షాపు ఖబరస్తాన్ గోడకు ఆనుకుని ఉండేది. చిన్నప్పుడు ఆ గోడ మీద కూర్చునే ఎక్కాలు బట్టీ పట్టాను. పెద్దయ్యాక చదివింది సివిల్ డిప్లొమా. గోడ పగిలితే పునాది చూస్తాను, స్లాబు కారితే పైపు చూస్తాను. ఇప్పుడు చెప్పబోయేదానికి కూడా అలాగే కారణం వెతికాను. దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

హనుమకొండలో నయీంనగర్ దగ్గర మాకు చిన్న ఆఫీసు ఉంది. ఇళ్ల ప్లాన్లు గీసి ఇస్తాం. మాకు అంటే నాకూ రమకూ. పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ మాది. రమ వాళ్లది కొత్తవాడ. ఇంట్లో మగ్గం, జంపఖానాలు నేసే కుటుంబం. ఇద్దరం కలిసి ఆఫీసు తెరిచినప్పుడు "ఆడోళ్లు గీసిన ఇండ్లు నిలవడతయా" అని నవ్వినవాళ్లే తర్వాత మా దగ్గరికి వచ్చి గీయించుకున్నారు. మాతో పాటు డ్రాయింగులు చేసే మౌనిక, సైటుకు పోయి కొలతలు తెచ్చే యాకూబ్ భాయ్. మొత్తం నలుగురం.

ఆఫీసు రెండో అంతస్తులో, పైన స్లాబు తప్ప ఇంకేం లేదు. పడమటి గోడకు మధ్యాహ్నం నుంచి ఎండ కొడుతుంది. రమ టేబుల్ ఆ గోడ పక్కనే, తలుపులోంచి చూస్తే ఎడమ మూలకు. ఆ చోటు తనే కోరుకుంది. కిటికీలోంచి రోడ్డు కనబడుతుందని.

రమకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, కీమో అయింది, జుట్టు మళ్లీ వచ్చింది. ఆఫీసుకూ వచ్చింది. కానీ రోజూ వేసుకోవాల్సిన మాత్ర ఒకటి ఇచ్చారు. దానితో ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు లేచేవి. మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేది. మొహం ఎర్రబడేది, మెడ మీదుగా చెమట కారి జాకెట్టు తడిసేది. పనికిరాని ప్రింటు ఒకటి మడిచి విసురుకునేది. ఫ్యాన్ గాలి స్లాబు వేడినే కిందికి తోసేది.

"ఏసీ పెడదామే నసీమా" అంది ఒకరోజు. "ఇగ నా వల్ల అయితలేదు."

పెడదాం అన్నాను. ఆ మాట మనసులోంచే అన్నాను. కానీ నా గుణం ఒకటుంది. ఏది కొన్నా పది చోట్ల అడగాలి, పక్కపక్కన పెట్టి చూడాలి. ముగ్గురు డీలర్ల దగ్గర కొటేషన్లు తీసుకున్నాను. ఒకాయన రెండు స్ప్లిట్లు చాలన్నాడు. ఇంకొకాయన సీలింగులో పెట్టే క్యాసెట్ ఏసీ అయితే గాలి నాలుగు వైపులా పడుతుందన్నాడు. దానికి ఫాల్స్ సీలింగ్ కావాలి, మా గది ఎత్తు తక్కువ. కంప్యూటర్ల వేడి, పెద్ద ప్రింటర్ వేడి కూడా లెక్క కట్టాలని మూడో ఆయన. బయటి యూనిట్ ఎక్కడ పెట్టాలో ఇంటి ఓనరుతో మాట్లాడాలి. ఇవన్నీ ఒక పట్టికలో పెట్టాను. గది ప్లాన్ గీసి క్యాసెట్ ఎక్కడొస్తే ఎవరికి ఎంత గాలి తగులుతుందో బాణాలు కూడా గీశాను.

రమ నా స్క్రీన్ చూసి నవ్వింది. "ఏసీకి గూడ పర్మిషన్ తెచ్చేటట్టున్నవ్. ఏదో ఒకటి పెట్టవే తల్లీ."

"ఒక్కసారి పెట్టేది, మంచిది పెట్టాలె గదా" అన్నాను.

ఆ ఎండాకాలం అయిపోయింది. వానలు పడ్డాక ఇప్పుడేం తొందర అనుకున్నాను. రెండో ఎండాకాలం కొత్త మోడళ్లు వచ్చాయి, మళ్లీ కొటేషన్లు అడిగాను. రమకు ఒక టేబుల్ ఫ్యాన్ తెచ్చిపెట్టాను. అది తన కాగితాలు ఎగరగొట్టేది. కాగితాల మీద తన టిఫిన్ డబ్బా బరువు పెట్టుకుని పనిచేసింది.

ఆ జూన్‌లో నడుం నొప్పి అంది. జబ్బు ఎముకలకు పాకింది. వానాకాలం దాటకుండానే పోయింది. దవాఖానలో చివరిసారి చూసినప్పుడు ఆ వార్డులో ఏసీ ఉంది. "ఈడ మంచిగుంది" అని, కళ్లు మూసుకుంది. ఆ మాట తను మామూలుగానే అంది. నేను మాత్రం మెట్ల దగ్గరికి వచ్చి గోడకు తల ఆనించి చాలాసేపు నిలబడ్డాను.

ఏసీ ఉంటే బతికేదని కాదు. డాక్టరుని అడిగాను కూడా. దానికీ దీనికీ సంబంధమే లేదమ్మా అన్నారు. నాకూ తెలుసు. కానీ రెండు ఎండాకాలాలు నా స్నేహితురాలు నా కళ్ల ముందు ఉడికిపోయింది. నేను పట్టిక గీస్తూ కూర్చున్నాను.

మరుసటి మార్చిలో ఒక కొత్త టెక్నీషియన్‌ని పిలిచాను. ప్రశాంత్ అని, నలభై ఏళ్లుంటాయి, రఘునాథపల్లి నుంచి వస్తాడు. టేపుతో గది కొలిచి, ఎంతమంది కూర్చుంటారు మేడం అని అడిగాడు.

"నలుగురం" అన్నాను.

మౌనిక తలెత్తి నన్ను చూసింది. ప్రశాంత్ అప్పటికే రాసేసుకున్నాడు. నేను దిద్దలేదు.

పెద్ద స్ప్లిట్ ఒకటి చాలన్నాడు. మనుషులను కనిపెట్టే సెన్సార్ ఉన్నది తీసుకోమన్నాడు. ఏసీ ముఖం మీద ఎడమ, మధ్య, కుడి అని మూడు నీలం చుక్కలుంటాయి. ఏ వైపు మనిషి ఉంటే ఆ చుక్క వెలుగుతుంది, రెక్కలు అటు తిరిగి గాలి అటే పోతుంది. మనుషులు సైటుకు పోతూ వస్తూ ఉండే ఆఫీసుకు ఇది మంచిది అన్నాడు. సరే అన్నాను. ఆ మాట అనడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు.

బిగించిన రోజు మధ్యాహ్నం ముగ్గురం పనిలో ఉన్నాం. నా టేబుల్ కుడివైపు. మౌనిక, యాకూబ్ భాయ్ మధ్యలో. రమ టేబుల్ ఖాళీ. మానిటర్ మీద గుడ్డ కప్పి ఉంది. అక్కడ ఎవరం కూర్చోలేదు, తీసేయనూ లేదు.

మూడు చుక్కలూ వెలుగుతున్నాయి. గాలంతా ఎడమ మూలకు పోతోంది.

మొదటి రోజు పట్టించుకోలేదు. మూడో రోజు మౌనికే అంది, "అక్కా, మాకు గాలే తగులుతలేదు" అని. ప్రశాంత్‌కి ఫోన్ చేశాను. పడమటి గోడ వేడిని సెన్సార్ మనిషి అనుకుంటోంది మేడం, అయితది అట్ల అన్నాడు. నాకూ సబబుగానే అనిపించింది. కానీ పొద్దున ఆ గోడ చల్లగా ఉంటుంది. పొద్దున కూడా చుక్క వెలిగేది. ఏప్రిల్‌లో రెండు రోజులు మబ్బుపట్టి వాన పడింది. ఆ రెండు రోజులూ వెలిగింది.

ప్రశాంత్ వచ్చి సెన్సార్ మార్చాడు. మానిటర్ ప్లగ్గులు పీకేశాడు, కిటికీకి పరదా వేశాడు. కుర్చీలో తను కూర్చుని చూశాడు, చుక్క వెలుగుతోంది. లేచి ఇవతలికి వచ్చాడు, ఆరలేదు. అప్పుడు అందరినీ బయటికి రమ్మన్నాడు. అద్దం తలుపు మూసి, వరండాలో నిలబడి లోపలికి చూశాం. కాసేపటికి కుడి చుక్క ఆరింది, మధ్య చుక్క ఆరింది. ఎడమది వెలుగుతూనే ఉంది. ఖాళీ గదిలో రెక్కలు ఆ మూలకే తిరిగి ఉన్నాయి.

అతని దగ్గర వేడి కొలిచే చిన్న యంత్రం ఉంది. లోపలికి పోయి కుర్చీ మీద, గోడ మీద, టేబుల్ మీద పట్టి చూశాడు. "అన్నీ గదిలెక్కనే సల్లగున్నయ్ మేడం" అన్నాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. తర్వాత మెల్లగా, "ఆడ ఎవరు కూసునేది?" అన్నాడు. చెప్పాను.

సామాన్లు సంచిలో సర్దుకున్నాడు. పోయేముందు అడిగాడు. "సెన్సార్ బంద్ చేసి మామూలు ఏసీ లెక్క నడిపియ్యొచ్చు. చెయ్యమంటరా?"

"వద్దు" అన్నాను.

అప్పటినుంచి నేను ఆఫీసుకు త్వరగా పోవడం మొదలుపెట్టాను. తొమ్మిదిన్నరకు తలుపు తీసి, ఏసీ వేసి, నా చోట కూర్చునేదాన్ని. అప్పుడు కుడి చుక్క ఒక్కటే వెలిగేది. పది దాటాక, ఒకరోజు పదింబావుకి, ఒకరోజు పదిన్నరకి, ఎడమది వెలిగేది. రమ కూతురిని బడికి పంపి స్కూటీ మీద వచ్చే వేళ అది. కచ్చితమైన టైమని చెప్పలేను, గడియారం పట్టుకుని రాసుకోలేదు. ఒక ఆదివారం కావాలని పోయి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆ రోజు వెలగలేదు.

నాకు భయం వేయలేదు. అది కూడా చెప్పాలి. చుక్క వెలిగాకే పని మొదలుపెట్టేదాన్ని. టెంపరేచర్ బాగా తగ్గించి పెట్టేదాన్ని. మౌనిక చున్నీ కప్పుకునేది. యాకూబ్ భాయ్ ఒకసారి "దువా చెయ్యి బేటీ" అన్నాడు. చేస్తూనే ఉన్నాను భాయ్ అన్నాను.

జూన్ మొదట్లో రమ వాళ్లమ్మ వచ్చింది. కనకమ్మ పెద్దమ్మ. రమ ఒరిజినల్ సర్టిఫికెట్లు మా బీరువాలో ఉండిపోయాయి, మనవరాలి కాలేజీ కోసం ఏవో కావాలన్నారట. ఆమెకు నా పక్కన కుర్చీ వేశాను. మౌనిక, యాకూబ్ భాయ్ సైటుకు పోయారు. గదిలో మేమిద్దరమే.

నేను బీరువాలో వెతుకుతుంటే పెద్దమ్మ అడిగింది.

"ఆడ ఎవలున్నరు బిడ్డా?"

"ఎవలు లేరు పెద్దమ్మా."

"మరి గాలంత ఆడికే పోతాంది."

కప్పిన గుడ్డ అంచు కదులుతోంది. ఆమె దాన్నే చూస్తోంది. అది రమ చోటని ఆమెకు తెలుసు, ఎన్నోసార్లు వచ్చింది. అప్పటిదాకా లోపల ఆపుకున్నది ఇక ఆగలేదు. ఆమె కాళ్ల దగ్గర కింద కూర్చుని మొత్తం చెప్పేశాను. చుక్క గురించి కాదు ముందు. కొటేషన్ల గురించి, పట్టిక గురించి, టేబుల్ ఫ్యాన్ గురించి. ఆ తర్వాత చుక్క గురించి.

పెద్దమ్మ నా తల మీద చెయ్యి పెట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు.

"ఇంటికొచ్చి చెప్పేది" అంది. "నసీమ ఏసీ చూస్తాందమ్మా, మంచిది దొరకాలెనని చూస్తాంది అని. నువ్వన్న గట్టిగ అడగరాదే అని నేనంటే, దానికి ఫికర్ ఎక్కువమ్మా, అదే పెడ్తది అన్నది." మూలన ఉన్న కుర్చీ వైపు చూసింది. "రెండు ఎండకాలాలు చూసినవ్ బిడ్డా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

లేచి ఆ మూలకు నడిచింది. కుర్చీ వెనక నిలబడి వీపు మీద చెయ్యి వేసింది. కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది. తర్వాత, బడి విడిచాక పిల్లను పిలిచినట్టే, మామూలు గొంతుతో పిలిచింది.

"ఇగ సాలు గని, ఇంటికి పోదాం పా రమా."

సర్టిఫికెట్ల కవరు తీసుకుంది. నేను కిందికి పోయి ఆటో మాట్లాడి ఎక్కించాను. ఆమె ఆటోలో ఒక పక్కకు జరిగి కూర్చుంది. ముసలామె, అంచు పట్టుకుని కూర్చుందేమో. నాకు అలా అనిపించి ఉండొచ్చు.

పైకి వచ్చేసరికి గదిలో ఒక్క చుక్క కూడా వెలగడం లేదు. లోపల అడుగుపెడితే నా వైపుది వెలిగింది. ఎడమది వెలగలేదు. సాయంత్రం దాకా చూశాను. మర్నాడు తొమ్మిదిన్నరకు పోయి కూర్చున్నాను. పది అయింది, పదకొండు అయింది. ఆ వారమంతా అలాగే పోయాను.

చివరికి ప్రశాంత్‌ని పిలిచాను. సెన్సార్ పాడైందేమో చూడమన్నాను. అతను మూత విప్పి చూశాడు. ఆ మూలకు పోయి నిలబడ్డాడు, వెలిగింది. ఇవతలికి వచ్చాడు, ఆరింది. నాలుగైదుసార్లు అలా చేశాడు.

"ఏం పాడుగాలేదు మేడం" అన్నాడు. "ఇప్పుడే సరిగ్గ పని చేస్తాంది."

అతని ముందే ఏడ్చాను. రమ పోయిన రోజు కూడా అంతమందిలో అంత ఏడవలేదు.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. మూడు నెలలు అది ఎవరిని చూసిందో, ఎందుకు ఆగిపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఏసీ కంపెనీలో పనిచేసే మా తమ్ముడి దోస్తును అడిగాను. బోర్డులో లోపం ఉండి దానంతటదే సర్దుకుని ఉంటుందన్నాడు. ఉండొచ్చు. బోర్డు ఎవరూ మార్చలేదు.

కొత్తవాడకు రెండుసార్లు పోయాను. పెద్దమ్మ చాయ్ ఇచ్చింది, రమ కూతురు కాలేజీ ముచ్చట్లు చెప్పింది. ఆ రోజు గురించి ఒక్క మాట అడుగుదామని రెండుసార్లూ అనుకున్నాను. చాయ్ తాగి, పోయొస్తా పెద్దమ్మా అని వచ్చేశాను.