బదులు లేని పిలుపు

నాలుగేళ్లుగా ఈ విషయం నాలోనే ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆ మధ్యాహ్నం మద్దిలపాలెంలోని రికార్డింగ్ గదిలో ఉన్నవి ఇవి: దర్శకుడు, ఎడిటర్, నేను, రెండు స్పీకర్లు, చల్లారిన టీ, నా కంప్యూటర్‌లో ఎల్లాజీ ఇచ్చిన మెమరీ కార్డు. ఆ చివరిది అక్కడ ఉండకూడదు.

ఎల్లాజీది జాలారిపేట. ఇంజినీరింగ్‌లో నా పక్కనే కూర్చునేవాడు. వాళ్ల నాన్న సముద్రంలో చేపల వేటకు వెళ్లి తిరిగి రాకపోవడంతో చదువు మానేసి పడవెక్కాడు. ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు ఆయన పిలుపు ఇస్తే, తాడు పట్టినవాళ్లంతా బదులు పలికేవారు. ఆయన గొంతు మిగిలింది ఆ కార్డులో మాత్రమే.

"అలల హోరు తీసేసి ఇయ్యి బావా. సంవత్సరీకం నాడు మాయమ్మ ఇంటాదట" అన్నాడు.

తీశాను. బాగా తీశాను. ఇంజినీరింగ్‌లో నేను చదువుకున్నది అదే, శబ్దాలను వడకట్టడం.

అప్పుడు నేను ఒక గూఢచారి సినిమా నేపథ్య సంగీతానికి సహాయకుడిని. మా పనిలో ఒక అలవాటుంది. వాయిద్యకారులు వచ్చేలోపు దృశ్యం మూగగా ఉండకూడదని చేతికందిన శబ్దమేదో పెడతాం, తర్వాత తీసేస్తాం. దేశ రహస్యాలు అమ్మే ద్రోహి హార్బర్‌లో నడిచొచ్చే చోట ఆ పిలుపు పెట్టాను. బదులు పలికినవాళ్లను కత్తిరించాను. వాళ్లలో ఎల్లాజీ గొంతు కూడా ఉంది. తర్వాత తీసేద్దామనే పెట్టాను. నిజంగానా? మరి ఎవరూ పోల్చకుండా శ్రుతి ఎందుకు తగ్గించాను?

ఆ మధ్యాహ్నం అది వినగానే దర్శకుడు కుర్చీలోంచి లేచాడు. ద్రోహి కనిపించిన ప్రతిసారీ ఇదే ఉండాలన్నాడు. టైటిల్ పాట కూడా దాని మీదే కట్టారు. నా పేరు విడిగా తెరమీద వేస్తామన్నారు.

ఎల్లాజీని అడగాలి. అడిగితే కాదంటాడేమో, వాళ్ల నాన్న గొంతు ద్రోహికి పెడతానంటే ఎవరు ఒప్పుకుంటారు, కాదంటే ఆ చోట నా పేరుండదు. అందుకని అడగలేదు. శుభ్రం చేసిన గొంతు వాడికిస్తే సినిమాలో పోల్చేస్తాడు. కార్డు పాడైపోయిందని చెప్పాను.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. పైగా నన్నే ఓదార్చాడు. సంవత్సరీకం ఫొటోతోనే జరిగింది.

సినిమా గాజువాకలో చూశాం. తెరమీద నా పేరు చూపించాలని వాళ్లమ్మను కూడా తీసుకొచ్చాడు. ఇంటర్వెల్‌లో నా దగ్గరికి వచ్చాడు, చేతిలో సమోసాలు.

"బావా, ఆ గొంతేటి? అచ్చం మా అయ్యలాగే ఉంది."

"ఎవరిదోలే. డబ్బిచ్చి కొన్న శబ్దం అది."

"నానూ అదే అన్నాను. మాయమ్మ ఇంటేనా! సీకట్లో గట్టిగా 'హైలెస్సా' అనేసింది. ముందు సీటోడు ఎనక్కి తిరిగి మరీ నవ్వినాడు. 'ఎర్రిదానా, సినేమా సూడు' అన్నాను." సమోసా నా చేతిలో పెట్టాడు. "ఆ కార్డు పాడవకుండా ఉంటే నువ్వే రెండూ పక్కపక్కన ఎట్టి ఇనిపించేవోడివి కదా బావా."

నేను నవ్వాను. అవును, నవ్వాను.

నేను కత్తిరించిన బదులును ఆవిడ తిరిగి పలికింది. శ్రుతి మార్చినా పోల్చింది. కొడుకు చేతే ఆవిడను ఎర్రిదాన్ని చేయించాను.

కార్డు నా దగ్గరే ఉంది. చెక్కుచెదరలేదు. ఇప్పుడైనా ఇచ్చేయొచ్చు కదా అంటారు. ఇస్తే, దాంతోపాటు ఈ నాలుగేళ్ల అబద్ధం కూడా వాడి చేతిలో పెట్టాలి. ఆ ధైర్యం ఈ రోజుకీ లేదు. ఇలా రాసేశాక కాస్త తేలికైంది, అంతే. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు.

కార్డులో ఉన్నది ఆరు నిమిషాలు. సినిమాలో తిప్పితిప్పి వాడింది అందులో పదకొండు సెకన్లు.