నా బిడ్డకు నీళ్లు నేర్పిన ఏడాది

నా బిడ్డ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మొదటిసారి నాలుగడుగులు వేసిన రోజు మా ఆయన చప్పట్లు కొట్టాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తమ్మ మాత్రం పిల్లను చూడలేదు. వాకిలి నుంచి కాలువ గట్టు దాకా ఉన్న జాగాను చూసింది.

"ఇగ దీనికి నీళ్లు నేర్పాలె" అంది.

పిల్లకు అప్పుడు పదమూడు నెలలు. అరవైల మొదట్లో సంగతి ఇది. ఎడపల్లి దాటాక చెరుకు తోటల మధ్య, నిజాంసాగర్ కాలువ పక్కనే ఉండేది మా ఇల్లు. నేను నిజామాబాదులో, కంఠేశ్వర్‌లో పెరిగినదాన్ని. నాకు తెలిసిన లోతైన నీళ్లంటే స్నానాల గంగాళంలోవే. అత్తమ్మ పుట్టింది మంజీర ఒడ్డున. నడకా ఈతా ఒకే ఏడాది వచ్చాయని చెప్పేది. నేను నమ్మేదాన్ని కాదు.

"మాటలే రాలేదు, దానికి ఈతేంది అత్తమ్మా?" అన్నాను.

"మాటలొచ్చేదాంక ఆగుమని కాలువకు జెప్తవా?"

అయినా నేను ఒప్పుకోలేదు. ఆ నెలలోనే, చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీల పిల్లవాడొకడు కాలువలో పడ్డాడు. తల్లి మరాఠీలో అరుస్తూ గట్టు వెంట పరుగెత్తింది. ఆమె వెనక మేమంతా పరుగెత్తాం. తూము దగ్గర దొరికాడు, ప్రాణం లేదు. రెండేళ్లుండవు. ఆమె వాడి అంగీ విప్పి పిండింది. చుక్క రాకపోయినా మళ్లీ మళ్లీ పిండుతూనే ఉంది.

మర్నాడు నేనే పిల్లను తెచ్చి అత్తమ్మ ఒళ్లో పెట్టాను.

మొదటి పదిహేను రోజులు ఇంట్లోనే, గంగాళంలో గోరువెచ్చని నీళ్లు. అత్తమ్మ పిల్ల ముఖం మీద ఉఫ్ అని ఊదేది. పిల్ల కళ్లు మూసి ఊపిరి బిగబట్టేది. ఆ క్షణంలో దోసెడు నీళ్లు నెత్తి మీద పోసేది. "బాప్తిస్మంల పాస్టరయ్య నాలుగు సుక్కలు సల్లితెనే చర్చి అదిరేటట్టు ఏడ్సిన పిల్ల ఇది" అని నవ్వేది. పిల్ల నవ్వేది. నేను తువ్వాలు పట్టుకుని నిలబడేదాన్ని, నవ్వు రాకుండా.

ఎండలు ముదిరాక చెరుకు తోటలోని మెట్లబావికి తీసుకెళ్లాం. పిల్ల వీపుకు ఎండిన సొరకాయ బుర్రలు రెండు కట్టి, చంకల కింద నుంచి పాత చీరను ముడివేసేది అత్తమ్మ. ఆ చీర రెండో కొన నా చేతిలో. తను గోచి బిగించి నడుం లోతులో నిలబడి, పిల్లను అరచేతి మీద వెల్లకిలా పడుకోబెట్టేది.

"నువ్వు గంత బిగవట్టకు. నీ భయం దానికి అంటుకుంటది."

నెల తిరిగేసరికి పిల్ల కాళ్లు కప్పలా ఆడసాగాయి. ఒకరోజు అత్తమ్మ బుర్రలు విప్పేసింది.

"ఇయ్యాల్నే వద్దు" అన్నాను.

"బుర్రలున్నన్ని దినాలు బుర్రలే ఈదుతయి, పిల్ల ఈదది" అని ఒక మెట్టు వెనక్కి దిగింది.

ఆ మెట్టు మీద పాచి ఉంది. అత్తమ్మ కాలు జారింది. నుదురు రాతి అంచుకు తగిలిన చప్పుడు విన్నాను. ఇద్దరూ ఒక్కసారే మునిగారు. చీర లాగాను. తేలికగా వచ్చింది. చివర ముడి ఊడిపోయి ఉంది.

ఆ తర్వాత నేనేం ఆలోచించలేదు. ఒక మెట్టు, ఇంకో మెట్టు, మెడ దాకా నీళ్లు. కిందికి చూస్తే, మూరెడు లోతులో నా బిడ్డ. కళ్లు తెరిచే ఉన్నాయి. చెయ్యి చాచి జుట్టు పట్టుకున్నాను. నా కాలి కింద మెట్టు లేదు. బిడ్డను పైకెత్తి నేను మునిగాను. వెనక నుంచి ఎవరో నా నడుం పట్టి గట్టిగా తోశారు. అత్తమ్మే. ముగ్గురం రాళ్ల మీద పడ్డాం.

పిల్ల దగ్గింది. నీళ్లు కక్కింది. అప్పుడు ఏడ్చింది.

"నా బిడ్డను సంపుతవా?" అని అరిచాను. అత్తమ్మ నుదుటి మీద నుంచి రక్తం కారుతోంది. తుడుచుకోలేదు. మా ఆయన చెరుకు బండి బోధన్ ఫ్యాక్టరీలో దించి ఇంటికి రాగానే, నేను నోరు తెరవకముందే తనే చెప్పింది: "పిల్ల నా చేతులకెళ్లి జారింది. కోడలు తీసింది. ఇగ నీళ్లల్ల దాన్ని నేను ముట్ట."

అన్నట్టే ముట్టలేదు. పది రోజులు బావి వైపు ఎవరం పోలేదు. పదకొండో రోజు పొయ్యి మీద జొన్న గట్క కలుపుతూ తలెత్తితే వాకిట్లో పిల్ల లేదు. ఉరికాను. గట్టు దిగువన గొంతుక్కూర్చుని మట్టిపెడ్డలు కాలువలోకి విసురుతోంది. నీళ్లు దాని వేళ్లకు బెత్తెడు దూరంలో పోతున్నాయి. పిలిస్తే ఉలిక్కిపడుతుందని పిలవలేదు. చప్పుడు కాకుండా దిగి నడుం పట్టి ఎత్తుకున్నాను. ఇంటికొచ్చి దాన్ని అత్తమ్మ ముందు దించాను.

"అత్తమ్మా, రేపు బావికి పోదాం."

"నాతోని కాదు బిడ్డా. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది."

"పిల్లకు కాదు. ముందుగాల నాకు నేర్పు."

ఆమె లేచి బుర్రలు వెతికింది.

నా వయసు ఇరవై రెండు. చిన్నపిల్లలా బుర్రలు కట్టుకుని నీళ్లు మింగాను, ముక్కు మండింది, తిట్లు తిన్నాను. అత్తమ్మ పిల్లను ఒళ్లో పెట్టుకుని పై మెట్టు మీద కూర్చుని చెప్పేది. "కాళ్లు కొట్టు! చేతులు కాదు, కాళ్లు!" బావి ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు ఆగకుండా రావడానికి రెండు నెలలు పట్టింది. మెట్ల మీది పాచి మాత్రం ప్రతిసారీ నేనే ఇటుకముక్కతో గీకేదాన్ని.

ఆ తర్వాత పిల్లను నా చేతుల మీదే నేర్పాను, మొదటి నుంచి. వానలు పడి ఆగిన ఒక మధ్యాహ్నం బుర్రలు లేకుండా దాన్ని నీళ్ల మీద పడుకోబెట్టి, నాలుగు మూరల దూరంలో అత్తమ్మను నిలబడమన్నాను. ఆమె రానంది. నేను బతిమాలాను. చివరికి దిగి, రెండు చేతులూ చాచింది.

నా అరచేయి కిందికి తీశాను. పిల్ల ముఖం మునిగింది. ముఖం పైకొచ్చింది. కాళ్లు కొట్టింది, మళ్లీ మునిగింది, మళ్లీ పైకొచ్చి అత్తమ్మ కొంగు పట్టుకుంది. అత్తమ్మ దాన్ని గుండెకు అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. "వచ్చింది బిడ్డా, దీనికి వచ్చింది" అంటూ నా చెయ్యి వెతికి పట్టుకుంది.

అంతమాత్రాన నేను నిశ్చింతగా ఉన్నానని కాదు. పారే కాలువ ముందు ఆ నాలుగు మూరల ఈత ఎంతని? ఆ వారమే మా ఆయనతో వాకిలి చుట్టూ తుమ్మకంప వేయించాను.